ధ్రువపు మంచులో వేడి ముందు పెరిగిందా, కార్బన్ డయాక్సైడ్ ముందు పెరిగిందా?

గోదావరి_గట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. వాతావరణ మార్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రం దగ్గర తవ్వి తీసిన మంచు ఆధారంగా 1999లో వెలువడిన నాలుగు లక్షల ఇరవై వేల ఏళ్ల గ్రాఫును బోర్డు మీద గీసి, ఉష్ణోగ్రత గీత, కార్బన్ డయాక్సైడ్ గీత కలిసికట్టుగా ఎలా ఎక్కి దిగాయో చూపిస్తాను. ఈసారి ఒక విద్యార్థి లేచి, ఉష్ణోగ్రత పెరిగిన ఎనిమిది వందల ఏళ్లకు గానీ కార్బన్ డయాక్సైడ్ పెరగలేదని ఒక వీడియోలో విన్నానని, వెనుక వచ్చినది ముందు వచ్చినదానికి కారణం ఎలా అవుతుందని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. పొడిపొడి మాటలతో దాటవేయడం నాకు ఇష్టం లేక, వచ్చే వారం చెబుతానన్నాను.

ఆ ఎనిమిది వందల ఏళ్ల లెక్క నిజమేనా, దాన్ని ఎలా కొలిచారు? నిజమే అయితే కార్బన్ డయాక్సైడ్ పాత్ర గురించి మనం ఏమని అర్థం చేసుకోవాలి? ఈ రంగంలో పని చేసేవారు ఎవరైనా ఉంటే వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

హిమరేఖ

నమస్కారం మాస్టారూ. నేను డెన్మార్క్‌లో ఒక ప్రయోగశాలలో మంచు నమూనాల ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా గల పరమాణువులు) కొలిచే పని చేస్తున్నాను. మీ విద్యార్థి విన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ముందు ఆ మంచు ఎలా ఏర్పడుతుందో చూస్తేనే తెలుస్తుంది.

మీరు గీసే రెండు గీతలూ ఒకే మంచు నుంచి వచ్చినా, రెండు వేరు వేరు పదార్థాల నుంచి వచ్చాయి. ఉష్ణోగ్రత గీత మంచులోని నీటి అణువుల నుంచి వచ్చింది. నీటిలో ఎక్కువ భాగం ఆక్సిజన్-16తో కూడినదే అయినా, కొద్ది భాగంలో బరువైన ఆక్సిజన్-18 ఉంటుంది. ఆ బరువైన నీరు ఆవిరి కావడానికి మొరాయిస్తుంది, చల్లబడగానే అందరికంటే ముందు కురిసిపోతుంది. అందువల్ల మేఘం ధ్రువం వైపు సాగుతూ చల్లబడే కొద్దీ దారిలోనే బరువైన నీటిని పోగొట్టుకుంటుంది, ధ్రువం మీద ఎంత చలిగా ఉంటే అక్కడ పడే మంచులో ఆక్సిజన్-18 అంత తగ్గుతుంది. కోపెన్‌హేగన్‌లో విల్లీ డాన్స్‌గార్డ్ 1952లో ఇంటి ముందు సీసాలో పట్టిన వాననీటితో ఈ ఆలోచన మొదలుపెట్టి, 1966లో అమెరికా సైన్యం గ్రీన్‌లాండ్‌లోని క్యాంప్ సెంచురీ దగ్గర నేల దాకా తవ్వి తీసిన 1,387 మీటర్ల మంచును కొలిచి, గత హిమయుగం మొత్తాన్ని మొదటిసారి ఒకే వరుసలో చూపగలిగారు.

కార్బన్ డయాక్సైడ్ గీత నీటి నుంచి రాదు, మంచులో చిక్కుకున్న గాలి బుడగల నుంచి వస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కురిసిన మంచు వెంటనే మూసుకుపోదు. పైన పడే మంచు బరువుకు నెమ్మదిగా గట్టిపడుతూ, దాదాపు 50 నుంచి 120 మీటర్ల లోతుకు చేరే దాకా దాని రంధ్రాల్లో గాలి పై గాలితో కలుస్తూనే ఉంటుంది, ఆ తర్వాతే బుడగ మూసుకుంటుంది. అంటే బుడగలోని గాలి వయసు, దాని చుట్టూ ఉన్న మంచు వయసు కంటే ఎప్పుడూ తక్కువే. ఎంత తక్కువ అన్నది చోటును బట్టి మారుతుంది. వోస్తోక్‌లో ఏడాదికి పడే మంచును కరిగిస్తే దాదాపు రెండు సెంటీమీటర్ల నీరే వస్తుంది కాబట్టి, అక్కడ ఈ తేడా ఇప్పుడే మూడు వేల ఏళ్లకు పైగా ఉంది, హిమయుగంలో అయిదారు వేల ఏళ్లు ఉండేది. ఆ అయిదారు వేల ఏళ్లను అంచనా వేసి, అందులో నుంచి కొన్ని వందల ఏళ్ల ముందు వెనుకలు తేల్చడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి 2003లో ఒక ఫ్రెంచ్ బృందం తెలివైన దారి పట్టింది. ఉష్ణోగ్రతను మంచు నుంచి కాకుండా, అదే బుడగల్లోని ఆర్గాన్ ఐసోటోపుల నుంచి తీసి, అదే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చింది. ఇప్పటికి దాదాపు 2,40,000 ఏళ్ల కిందట ఒక హిమయుగం ముగిసినప్పుడు, అంటార్కిటికా వేడెక్కిన 800 ఏళ్ల తర్వాత, అటూ ఇటూ 200 ఏళ్ల తేడాతో, కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని తేల్చింది. వీడియోలలో తిరిగే అంకె ఇదే. 2013లో మరో బృందం నైట్రోజన్-15 సాయంతో బుడగలు మూసుకునే లోతును సరిచూసి, చివరి హిమయుగం ముగింపులో అంటార్కిటికా ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్ దాదాపు కలిసే పెరిగాయని చూపింది.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఈ రెండూ అంటార్కిటికా ఒక్కదాని ఉష్ణోగ్రతలు. 2012లో ప్రపంచం నలుమూలల నుంచి సముద్రపు మట్టి, సరస్సుల మట్టి, మంచు కలిపి 80 రికార్డులను ఒకచోట చేర్చి చూసినప్పుడు, భూగోళం సగటు ఉష్ణోగ్రత కార్బన్ డయాక్సైడ్ తర్వాతే పెరిగిందని తేలింది. కథ మొదలుపెట్టింది సూర్యుని చుట్టూ భూమి తిరిగే తీరు. ఉత్తరార్ధ గోళంలో వేసవి ఎండ పెరిగి, అక్కడి మంచు పలకలు కరిగి, ఆ మంచినీరు అట్లాంటిక్‌లో పడి ప్రవాహం మందగించింది. ఉత్తరానికి చేరవలసిన వేడి దక్షిణాన నిలిచిపోయి అంటార్కిటికా చుట్టూ సముద్రం వేడెక్కింది, ఆ సముద్రం లోతుల్లో ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వచ్చింది, అది భూగోళాన్నంతా మరింత వేడెక్కించింది. పెళ్లి పందిట్లో మైకును స్పీకర్ ఎదురుగా పెడితే చిన్న గుసగుస కూడా చెవులు చిల్లులు పడే కూతగా మారుతుంది. మొదటి శబ్దం ఎవరిదన్న ప్రశ్నకూ ఆ కూతకు బలం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకూ జవాబులు వేరు. మీ విద్యార్థికి ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూపండి.

ప్రశ్నార్థకం

హిమరేఖ గారూ, మీ వివరణ ఓపికగా చదివాను. నాది విరోధం కాదు గానీ, రెండు విషయాలు నన్ను తొలుస్తున్నాయి. 2003లో 800 ఏళ్లు అన్నది 2013కి దాదాపు సున్నా అయింది. పద్ధతిని సరిదిద్దిన ప్రతిసారీ ఫలితం ఒకే వైపు, అంటే కార్బన్ డయాక్సైడ్‌కు అనుకూలంగా జరుగుతున్నదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. రెండోది, ఆక్సిజన్ ఐసోటోపులను థర్మామీటర్‌లా చదవవచ్చని ఎలా నమ్మాలి? మేఘం వేరే దారిలో వచ్చినా, వేసవిలో కాక శీతాకాలంలో ఎక్కువ మంచు కురిసినా ఆ నిష్పత్తి మారిపోదా?

హిమరేఖ

మారుతుంది. మీ రెండో అనుమానం మా రంగంలోనే పుట్టి, మమ్మల్ని చాలాకాలం ఇబ్బంది పెట్టింది. దానికి స్వతంత్రమైన పరీక్ష ఒకటి దొరికింది. మంచు వేడిని చాలా నిదానంగా పోనిస్తుంది కాబట్టి, హిమయుగపు చలి ఇంకా గ్రీన్‌లాండ్ మంచు లోతుల్లో మిగిలే ఉంది. తవ్విన రంధ్రంలోకి సున్నితమైన థర్మామీటర్ దించి, పై నుంచి కింది దాకా ఉష్ణోగ్రత కొలిచి, వేడి ప్రసారం లెక్కను వెనక్కు నడిపితే, ఐసోటోపులతో సంబంధం లేకుండానే పాత ఉష్ణోగ్రత బయటపడుతుంది. 1998లో అలా చూసినప్పుడు, హిమయుగం ఉధృతంగా ఉన్నప్పటి గ్రీన్‌లాండ్ ఇప్పటి కంటే 23 డిగ్రీల మేర చల్లగా ఉండేదని తేలింది. ఐసోటోపులను మామూలు సూత్రంతో చదివితే వచ్చే తేడా అంతకంటే బాగా తక్కువ. మీరు చెప్పినట్టు, హిమయుగపు శీతాకాలంలో అక్కడ మంచు అంతగా కురవలేదని, ఐసోటోపులు ఎక్కువగా వేసవినే నమోదు చేశాయని భావిస్తున్నాము. అందువల్ల ఇప్పుడు గ్రీన్‌లాండ్‌లో ఐసోటోప్ గీతను ఒంటరిగా ఎవరూ డిగ్రీలలోకి మార్చరు.

మొదటి అనుమానం గురించి కూడా చెబుతాను. దిద్దుబాట్లు ఒకే వైపు జరగలేదనడానికి గ్రీన్‌లాండ్ మంచులోని కార్బన్ డయాక్సైడే సాక్ష్యం. మొదట్లో అక్కడి కొలతల్లో, కొన్ని వందల ఏళ్లలోనే కార్బన్ డయాక్సైడ్ విపరీతంగా ఎగిసిపడినట్టు కనిపించింది. కార్బన్ డయాక్సైడే సర్వస్వం అని నిరూపించాలనుకునేవారికి అది చేతికందిన వరం. కానీ అదే కాలపు అంటార్కిటికా మంచులో ఆ ఎగుడుదిగుడులు లేవు. గ్రీన్‌లాండ్ మంచులో ఆసియా ఎడారుల నుంచి వచ్చిన సున్నపు ధూళి ఎక్కువ. అది మంచులోని ఆమ్లంతో చర్య జరిపి అక్కడికక్కడే కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఆ సంగతి తెలిశాక గ్రీన్‌లాండ్ కార్బన్ డయాక్సైడ్ రికార్డును శాస్త్రవేత్తలే పక్కన పెట్టారు. ఇప్పటికీ ఆ గీత అంటార్కిటికా నుంచే తీసుకుంటారు.

ఆ ధూళి కంటికి కూడా కనిపిస్తుంది. గత పదకొండు వేల ఏళ్ల మంచును దీపం మీద పెట్టి చూస్తే తేటగా ఉంటుంది. హిమయుగపు మంచు ముక్కలో మాత్రం వేలి మందాన, అంతకంటే సన్నగా, బూడిద రంగు చారలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. తవ్వే చోటే 55 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి పంపిన ఆ మంచును మేము చలి గదిలో రంపంతో నిలువునా చీల్చి, ఒక పలక ఐసోటోపులకు, ఒక పలక గాలికి, ఒక పలక ధూళికి పంచుతాము, ఒక పలకను మాత్రం ఎవరూ ముట్టకుండా భావి కాలానికి దాస్తాము. రేపు ఎవరైనా మా కొలతను అనుమానిస్తే, మళ్లీ కొలవడానికి అది ఉండాలి.

లెక్కల_పంతులు

నేను ఈ రంగం వాణ్ణి కాను, విశ్రాంత గణిత ఉపాధ్యాయుణ్ణి. అయినా ఒక చిన్న లెక్క ఇక్కడ పనికివస్తుందనిపించింది.

కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు భూమి మీద చదరపు మీటరుకు అదనంగా నిలిచే శక్తిని, కొత్త సాంద్రతను పాత సాంద్రతతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను 5.35తో గుణించి ఉజ్జాయింపుగా పొందవచ్చు. హిమయుగంలో సుమారు 190 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 190 భాగాలు), ఆ తర్వాతి వెచ్చని కాలంలో 280 పీపీఎం అనుకుంటే, జవాబు దాదాపు 2.1 వాట్లు. ఇక 280 నుంచి, హవాయిలోని మౌనా లోవా కేంద్రంలో 2024 సగటుగా నమోదైన 424 దాకా అదే లెక్క వేస్తే దాదాపు 2.2 వాట్లు వస్తుంది. అంటే ఒక హిమయుగాన్ని ముగించడంలో కార్బన్ డయాక్సైడ్ వంతుగా వచ్చినంత శక్తిని మనం ఇప్పటికే అదనంగా చేర్చాము. నాటి మార్పులో కరిగిన మంచు పలకలకూ పెద్ద వాటా ఉంది కాబట్టి, అంతే మోతాదులో ఉష్ణోగ్రత పెరుగుతుందని దీనికి అర్థం కాదు. పోలిక కార్బన్ డయాక్సైడ్ వంతు వరకే.

వేగం సంగతి చూస్తే నాకు నిద్ర పట్టలేదు. హిమయుగం చివర కార్బన్ డయాక్సైడ్ దాదాపు 80 పీపీఎం పెరగడానికి ఏడు వేల ఏళ్లు పట్టింది, అంటే సగటున వందేళ్లకు ఒకటి చొప్పున. మధ్యలో వందా రెండు వందల ఏళ్లలో పది పదిహేను పీపీఎం ఎగిసిన సందర్భాలు ఉన్నా, ఆ మంచులో కనిపించే అతి వేగం అదే. ఈ గత పదేళ్లలో పెరిగింది దాదాపు 25. మాస్టారూ, మీ బోర్డు మీద నాలుగు లక్షల ఏళ్లను మీటరు వెడల్పున గీస్తే, పారిశ్రామిక యుగం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. అంటే సుద్దముక్క గీత మందం కూడా కాదు. ఆ పెరుగుదలను వేరే గ్రాఫుగా గీయకపోతే పిల్లలకు అది కనపడదు.

ప్రశ్నార్థకం

పంతులు గారి లెక్క బాగుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ వేగం సరే, ఉష్ణోగ్రత వేగం సంగతి ఏమిటి? 11,700 ఏళ్ల కిందట గ్రీన్‌లాండ్ కొన్ని దశాబ్దాల్లోనే పది డిగ్రీల మేర వేడెక్కిందని చదివాను. అప్పుడు కార్లు, కర్మాగారాలు లేవు. ప్రకృతి తనంతట తానే ఇంత వేగంగా మారగలిగితే, ఇప్పటి ఒకటిన్నర డిగ్రీ లోపు మార్పును చూసి ఎందుకు కంగారు పడాలి?

తీరవాసి

ప్రశ్నార్థకం గారూ, నేను సముద్రపు అడుగు మట్టి మీద పని చేస్తాను కాబట్టి దీనికి నేను జవాబు ప్రయత్నిస్తాను. మీరు చదివినది నిజమే. గత హిమయుగంలో గ్రీన్‌లాండ్ ఇలా ఒక్కసారిగా 8 నుంచి 16 డిగ్రీల దాకా వేడెక్కడం, మళ్లీ నెమ్మదిగా చల్లబడడం పాతిక సార్లు జరిగింది. డాన్స్‌గార్డ్ పేరుతో పాటు బెర్న్ శాస్త్రవేత్త హాన్స్ ఓష్గర్ పేరు కూడా వీటికి పెట్టారు.

కానీ అది భూగోళం వేడెక్కడం కాదు. ఈ సంగతి తెలియడానికి రెండు ధ్రువాల మంచునూ ఒకే గడియారం మీదికి తేవలసి వచ్చింది. మీథేన్ వాయువు ఏడాది రెండేళ్లలో రెండు అర్ధగోళాలలోనూ కలిసిపోతుంది కాబట్టి, అందులోని హెచ్చుతగ్గులు రెండు చోట్లా ఒకేసారి పడతాయి. వాటిని గుర్తులుగా పట్టుకుని గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచును జతపరిస్తే, ఉత్తరం వేడెక్కిన ప్రతిసారీ దక్షిణం చల్లబడడం మొదలైందని, ఉత్తరం చల్లగా ఉన్నంతసేపూ దక్షిణం వెచ్చబడుతూ వచ్చిందని కనిపించింది. పశ్చిమ అంటార్కిటికాలో 3,405 మీటర్ల లోతు దాకా తీసిన కోర్‌లో (నిలువునా తవ్వి తీసిన మంచు స్తంభంలో) దక్షిణపు మార్పు ఉత్తరం తర్వాత దాదాపు 200 ఏళ్లకు మొదలైందని 2015లో కొలిచారు. అంతటి ఆలస్యం వచ్చిందంటే, వార్తను మోసింది గాలి కాదు, సముద్రమే. అట్లాంటిక్ ప్రవాహం వేడిని ఒక అర్ధగోళం నుంచి మరో అర్ధగోళానికి చేరవేసింది, భూమి మొత్తం లెక్కలో చేరిన వేడి స్వల్పం. ఇప్పుడు జరుగుతున్నది రెండు అర్ధగోళాల సముద్రాలూ కలిసి వేడెక్కడం.

పైగా ఆ ఆకస్మిక మార్పులు మనకు ఊరట కలిగించేవి కావు. అరేబియా సముద్రంలో పాకిస్తాన్ తీరానికి దగ్గరగా తీసిన మట్టిలో, గ్రీన్‌లాండ్ వెచ్చబడిన ప్రతి దశలోనూ జీవ పదార్థం నిండిన ముదురు పొరలు, చల్లబడిన ప్రతి దశలోనూ లేత పొరలు ఉన్నాయని 1998లో జర్మన్ శాస్త్రవేత్తలు చూపించారు. నైరుతి రుతుపవనాలు బలంగా ఉన్నప్పుడు సముద్రంలో జీవం పెరిగి, అడుగున ఆక్సిజన్ తగ్గి, ముదురు పొర పేరుకుంటుంది. అంటే గ్రీన్‌లాండ్ దగ్గర సముద్ర ప్రవాహం తడబడినప్పుడల్లా మన వానలు కూడా తడబడ్డాయి. వానల మీద బతికే కోట్ల మంది లేని కాలంలో జరిగింది కాబట్టి అది మట్టిలో రంగు మార్పుగా మాత్రమే మిగిలింది.

బనగానపల్లె_వాసి

చర్చ చాలా విలువైన దారిలో సాగుతున్నది. నాకు సంబంధించిన ఒక ప్రశ్న అడగాలని ఉంది. మా ప్రాంతంలో జుర్రేరు లోయలోని జ్వాలాపురం దగ్గర భూమిని తవ్వితే, ఎర్రమట్టి కింద తెల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య నలిపితే గాజుపొడిలా గరగరలాడే బూడిద పొర కనిపిస్తుంది. దాన్ని గిన్నెలు తోమే పొడుల తయారీకి తవ్వుకుపోవడం వల్లనే చాలా చోట్ల ఆ పొర అంచులు బయటపడ్డాయి. అది 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద అని, దాని పైనా కిందా ఆది మానవుల రాతి పనిముట్లు దొరికాయని, రవి కోరిశెట్టర్ గారు, మైఖేల్ పెట్రాగ్లియా గారు తదితరులు 2007లో ప్రకటించారు. కొన్ని చోట్ల ఆ పొర రెండు మీటర్లకు మించి ఉంది. ఇందులో నేరుగా ఆకాశం నుంచి రాలినది కొన్ని సెంటీమీటర్లేనని, మిగతాది గుట్టల మీది నుంచి వానకు కొట్టుకువచ్చి లోయలో పేరుకున్నదని చెబుతారు.

అంత పెద్ద పేలుడు ధ్రువపు మంచులో జాడ వదలకుండా ఉంటుందా? అది ప్రపంచాన్ని వెయ్యేళ్ల చలిలోకి నెట్టిందని కొందరు రాస్తారు. మంచు ఆ మాటను ఒప్పుకుంటుందా?

హిమరేఖ

జ్వాలాపురం పేరు ఇక్కడ చూసి చాలా సంతోషించాను. పెద్ద అగ్నిపర్వతం పేలినప్పుడు స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరే గంధకం ఒకటి రెండేళ్లలో ఆమ్లంగా మారి ధ్రువాల మీద మంచుతో పాటు కురుస్తుంది. ఆ పొరలో విద్యుత్ వాహకత పెరుగుతుంది, సల్ఫేట్ శిఖరంలా లేస్తుంది. 1815 నాటి తంబోరా, 1783 నాటి ఐస్‌లాండ్ లాకి పేలుళ్లను మంచులో అలాగే గుర్తుపడతాము.

టోబాతో ఇబ్బంది ఏమిటంటే, 74 వేల ఏళ్ల దగ్గర మంచు వయసు లెక్కలో వెయ్యేళ్లకు పైగా అనిశ్చితి ఉంటుంది, ఆ వ్యవధిలో ఆమ్లపు శిఖరాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. 2013లో గ్రీన్‌లాండ్, అంటార్కిటికా కోర్‌లలో ఆ శిఖరాల మధ్య ఏడాది పొరలను ఒక్కొక్కటే లెక్కించి, రెండు చోట్లా ఒకే ఎడంతో వచ్చే శిఖరాల వరుసను పట్టుకున్నారు. రెండు ధ్రువాలలోనూ పడిన ఆమ్లం కాబట్టి ఉష్ణ మండలపు పేలుళ్లే అయి ఉండాలి, టోబా వాటిలో ఒకటని భావించడానికి మంచి ఆధారం ఉంది.

చలి విషయానికి వస్తే, ఆ సమయానికి దగ్గరలో గ్రీన్‌లాండ్ వేగంగా చల్లబడిన మాట నిజం. కానీ అది తీరవాసి గారు చెప్పిన పాతిక మార్పుల వరుసలో ఇమిడిపోయే చలే. అదే కాలంలో అంటార్కిటికా వెచ్చబడడం మొదలైంది. భూగోళమంతా వెయ్యేళ్లు గడ్డకట్టి ఉంటే అలా జరగదు. పేలుడు తర్వాత కొన్నేళ్ల పాటు తీవ్రమైన చలి వచ్చి ఉండవచ్చు, ఆ మార్పు మొదలవడానికి అది తోడ్పడిందేమో కూడా. అయితే వెయ్యేళ్ల ప్రపంచవ్యాప్త శీతలం అన్న వాదనను రెండు ధ్రువాల మంచూ బలపరచడం లేదు. మీ లోయలో బూడిదకు పైనా కిందా ఒకే తరహా పనిముట్లు దొరకడం ఆ మాటకు దగ్గరగానే ఉంది. మధ్య భారతంలో పుప్పొడి, మట్టిలోని కార్బన్ ఐసోటోపులు చూసినవారు మాత్రం అడవులు తగ్గి గడ్డి నేలలు పెరిగాయని అంటారు, అందువల్ల ఆ చర్చ ముగియలేదు.

తీరవాసి

జ్వాలాపురం మాట వచ్చింది కాబట్టి, మాస్టారు గారి పేరులో ఉన్న గోదావరి గురించి కూడా ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మంచు చెప్పని విషయాలు కూడా ఉన్నాయి. గత పదకొండు వేల ఏళ్లలో గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు గీతలు హిమయుగంతో పోలిస్తే బల్లపరుపుగా కనిపిస్తాయి. అది చూసి, ఈ కాలమంతా వాతావరణం నిలకడగా ఉందని అనుకుంటే పొరపాటు. గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోటుకు ఎదురుగా సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టిలో, పరీవాహక ప్రాంతపు చెట్ల ఆకుల మీది మైనం అణువులు పేరుకుని ఉన్నాయి. వాటిలోని కార్బన్ ఐసోటోపులను కొలిచి 2012లో ప్రకటించిన ఫలితం ప్రకారం, దాదాపు 4,000 ఏళ్ల కిందటి నుంచి దక్కన్ ప్రాంతంలో కరువును తట్టుకునే వృక్షజాతులు క్రమంగా పెరిగాయి, 1,700 ఏళ్ల కిందటికి అవి మరింత స్థిరపడ్డాయి. భూకక్ష్య మార్పు వల్ల ఉత్తరార్ధ గోళపు వేసవి ఎండ తగ్గడం ఇందులో ప్రధాన కారణం.

ధ్రువం మీద గీత కదలనంత మాత్రాన మన నేల మీద వాన కదలలేదని కాదు. అందుకే ధ్రువపు మంచునూ సముద్రపు మట్టినీ పక్కపక్కన పెట్టి చదవాలి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఈ రెండు పనులనూ ఒకే కప్పు కింద చేయడం నాకు మంచి ఏర్పాటుగా తోస్తుంది. అంటార్కిటికాలో భారత్ నడిపే మైత్రి కేంద్రం ఉన్న డ్రానింగ్ మాడ్ లాండ్ తీర ప్రాంతం నుంచి మనవాళ్లు తీసిన కోర్‌లు కొన్ని శతాబ్దాలకే పరిమితమైనా, అక్కడ మంచు ఎక్కువగా కురుస్తుంది కాబట్టి ఏడాది ఏడాదినీ విడిగా చదవవచ్చు.

గోదావరి_గట్టు

ఇంత లోతుగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పిల్లలు తప్పక అడిగే ఇంకో ప్రశ్న ఉంది. గ్రీన్‌లాండ్ మంచు గతంలో ఎప్పుడైనా కరిగిపోయిందా? కోనసీమ పిల్లలకు సముద్ర మట్టం దూరపు సంగతి కాదు.

హిమరేఖ

కరిగిందనడానికి తిరుగులేని సాక్ష్యం ఆ 1966 నాటి క్యాంప్ సెంచురీ తవ్వకంలోనే ఉంది. మంచు అడుగున దాదాపు మూడున్నర మీటర్ల గడ్డకట్టిన మట్టిని కూడా అప్పుడు పైకి తీశారు. మంచు మీదే అందరి దృష్టీ ఉండడంతో ఆ మట్టి దశాబ్దాల పాటు శీతల గిడ్డంగుల్లో పడి ఉండి, 2017లో కోపెన్‌హేగన్‌లో సీసాల్లో మళ్లీ కంటపడింది. దాన్ని కడిగి చూస్తే చిన్న పుల్లలు, ఆకుల ముక్కలు, నాచు బయటపడ్డాయి. ఆ మట్టి చివరిసారి ఎండ చూసినది సుమారు 4,16,000 ఏళ్ల కిందట అని 2023లో తేల్చారు. ఇప్పుడు కిలోమీటరుకు మించిన మంచు కింద ఉన్న ఆ చోట అప్పుడు మొక్కలు పెరిగాయి. అంటార్కిటికాలోని డోమ్ సి దగ్గర తీసిన కోర్ చూస్తే, ఆ కాలంలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం దగ్గరే ఉంది. ఆ వెచ్చని కాలం చాలా దీర్ఘంగా సాగడం మంచు కరగడానికి తోడ్పడింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఆ 280 అన్న ఒక్క అంకె.

1,25,000 ఏళ్ల కిందటి వెచ్చని కాలంలో సముద్ర మట్టం ఇప్పటి కంటే 6 నుంచి 9 మీటర్లు ఎత్తున ఉండేదని అంచనా. గ్రీన్‌లాండ్ ఉత్తర భాగంలోని నీమ్ కోర్ ప్రకారం అక్కడి మంచు అప్పుడు పలచబడింది గానీ మాయం కాలేదు, కాబట్టి మిగతా నీటిలో పెద్ద భాగం అంటార్కిటికా నుంచి వచ్చి ఉండాలి. ఎంత వేగంగా వచ్చిందన్నదే ఇప్పుడు అందరూ తేల్చాలని చూస్తున్న ప్రశ్న.

ప్రశ్నార్థకం

ఒక చివరి అనుమానం. 280 నుంచి 424కి పెరిగిన కార్బన్ డయాక్సైడ్ కూడా, హిమయుగం చివరలో లాగా సముద్రం నుంచే వచ్చి ఉండకూడదా?

లెక్కల_పంతులు

సముద్రం నుంచి వచ్చి ఉంటే సముద్రంలో తగ్గాలి కదండీ. కానీ సముద్రంలో కూడా కార్బన్ పెరుగుతున్నది, అందుకే దాని ఆమ్లత్వం పెరుగుతున్నది.

హిమరేఖ

పంతులు గారి మాటే సరిపోతుంది, దానికి మంచులోని సాక్ష్యం ఒకటి జోడిస్తాను. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఇష్టపడతాయి కాబట్టి, మొక్కల నుంచి పుట్టిన బొగ్గు, చమురులలో కార్బన్-13 తక్కువ. అంటార్కిటికా తీరాన లా డోమ్ అనే చోట మంచు విపరీతంగా కురుస్తుంది. అందువల్ల అక్కడి బుడగలు గత వెయ్యేళ్ల గాలిని దాదాపు దశాబ్దం తేడాతో చదవనిస్తాయి. పద్దెనిమిదో శతాబ్దం దాకా నిలకడగా ఉన్న కార్బన్-13 కొలమానం (ఒక ప్రమాణ నమూనాతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా ఉందో చెప్పేది) −6.4 దగ్గర నుంచి దిగడం మొదలుపెట్టి, ఇప్పుడు −8.4 కంటే కిందికి చేరింది. సముద్రం నుంచి వచ్చిన కార్బన్ అయితే ఆ గీతను అంత కిందికి లాగలేదు.

మాస్టారూ, తరగతి కోసం నాదొక సూచన. నాలుగు లక్షల ఏళ్ల వోస్తోక్ గ్రాఫుకు బదులు, డోమ్ సి దగ్గర 3,270 మీటర్ల లోతు దాకా తీసిన ఎనిమిది లక్షల ఏళ్ల రికార్డును వాడండి, 172 నుంచి 300 పీపీఎం మధ్యే కార్బన్ డయాక్సైడ్ ఎలా ఊగిందో స్పష్టంగా కనిపిస్తుంది. దాని పక్కన లా డోమ్ వెయ్యేళ్ల గీతను విడిగా, అదే నిలువు కొలతతో గీయండి. రెండు గ్రాఫుల కిందా గాలి వయసా, మంచు వయసా అన్నది తప్పక రాయించండి. 2025 జనవరిలో డోమ్ సికి దగ్గరలోనే లిటిల్ డోమ్ సి దగ్గర యూరోపియన్ బృందం 2,800 మీటర్ల లోతుకు చేరి, కనీసం పన్నెండు లక్షల ఏళ్ల మంచును బయటికి తీసింది. అప్పట్లో హిమయుగాలు లక్ష ఏళ్లకు కాక 41,000 ఏళ్లకు ఒకసారి వచ్చేవి, ఆ లయ ఎందుకు మారిందో ఇంకా ఎవరూ తేల్చలేదు. అడుగున ఒక్క మీటరులో పదమూడు వేల ఏళ్ల దాకా ఇరుక్కుని ఉన్న ఆ మంచును యూరప్ ప్రయోగశాలలు పంచుకుని కొలుస్తున్నాయి. మీ విద్యార్థికి ఆసక్తి ఉంటే, ఆ ఫలితాలలో కార్బన్ డయాక్సైడ్ గీత ఎక్కడి నుంచి మొదలవుతుందో చూడమని చెప్పండి.